బొమ్మకు ఇల్లుంది, బిడ్డకు చోటు లేదు

అరకులోయలోని గిరిజన మ్యూజియానికి ఏటా మా బడి పిల్లల్ని తీసుకెళ్తాను. అక్కడ మన బొమ్మలున్నాయి. ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు, ధింసా ఆడే గుంపు, విల్లు పట్టిన వేటగాడు. బొమ్మలకు పైన కప్పుంది. రాత్రి కాపలా ఉంది. దుమ్ము దులిపే మనిషి ఉన్నాడు. టిక్కెట్టు కొని చూసేవాళ్లూ ఉన్నారు.

మొన్న సంక్రాంతి రోజుల్లో, తెల్లవారుజామున మంచు ఇంకా విడవక ముందే, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర నా పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. నాలుగేళ్ల కింద పదో తరగతి పాసైన పిల్లవాడు. ఒక రిసార్టులో గదులు శుభ్రం చేసే పనిలో ఉన్నాడు. చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నాడు.

"రాత్రి ఎక్కడ పడుకుంటున్నావురా?" అన్నాను.

"దుప్పట్ల గదిలో మాస్టారూ. రూములు ఖాళీగా ఉంటే దుప్పట్లన్నీ అక్కడే ఉంటాయి, కాళ్లు చాపుకోడానికి చోటుండదు. రూములన్నీ నిండితే చోటుంటుంది గాని, కప్పుకోడానికి దుప్పటి ఉండదు."

అదేదో తమాషా అన్నట్టు చెప్పాడు. నేను బడికి వెళ్లాను గాని ఆ రోజంతా పాఠం సరిగా చెప్పలేకపోయాను. ఎనిమిదేళ్లు ఆశ్రమ పాఠశాలలో ఆ పిల్లవాడికి ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, పడుకోడానికి ఒక చోటు లెక్క ప్రకారం ఇచ్చాం. ఎంతమంది పిల్లలు, ఎన్ని దుప్పట్లు అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది నేనే. వాడు పెద్దవాడై, పనిలో చేరి, ఈ ఊరికి నాలుగు డబ్బులు సంపాదించి పెట్టడం మొదలుపెట్టాక ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ లేకుండా పోయింది.

ఈ వ్యాసం ఆ పోయిన లెక్క గురించే.

పట్టికలో లేని గడి

పర్యాటక ప్రణాళిక పేరుతో మన కొండకు వచ్చే కాగితాల్లో ఏముంటుంది? ఎన్ని గదులు కడతారో ఉంటుంది. ఎన్ని వ్యూ పాయింట్లు, ఎన్ని కార్లకు పార్కింగు, ఎక్కడ టెంట్లు, ఎక్కడ జిప్ లైను, అన్నీ ఉంటాయి. చివర్లో "ఇంతమంది స్థానికులకు ఉపాధి" అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చూపించి మన నోరు మూయిస్తారు. ఆ ఉపాధి పొందిన మనిషి రాత్రి ఎక్కడ నడుం వాలుస్తాడన్న గడి మాత్రం ఆ పట్టికలో ఉండదు.

2024 డిసెంబరులో ప్రకటించిన రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మంచిదే. పరిశ్రమ అన్నాక కార్మికుడు ఉంటాడు. కార్మికుడు ఉన్నాక వాడికి ఇల్లు కావాలి. ఈ రెండో మాట కొత్తది కాదు. 1951లోనే తోటల కార్మికుల చట్టం, కాఫీ, టీ తోటల్లో ఉండి పనిచేసేవాళ్లకు యజమానే వసతి కల్పించాలని రాసింది. ఎందుకు రాసింది? తోట కొండ మీద ఉంటుంది, పనివాడు దిగువ నుంచి రోజూ వచ్చి పోలేడు, పక్కన అద్దె ఇళ్లుండవు అని తెలుసు గనుక. తోటకున్న ఈ మూడు కారణాలూ రిసార్టుకూ ఉన్నాయి. కాఫీ మొక్కకు నీళ్లు పోసేవాడికి ఇల్లు అవసరమని డెబ్బై ఏళ్ల కిందటే ఒప్పుకున్న రాజ్యం, అదే కాఫీని కప్పులో పోసి అందించేవాడికి ఇల్లు అవసరమని ఇప్పటికీ ఎందుకు ఒప్పుకోదు?

మైదానంలో పట్నం పెరిగితే చుట్టూ శివార్లు పెరుగుతాయి. పనివాళ్లు దూరంగానైనా ఒక గది వెతుక్కుంటారు. కొండ మీద అలా కాదు. ఇక్కడ చదునైన నేల కొంచెమే. ఆ కొంచెంలోనే పొలం, బడి, సంత, ఆస్పత్రి, లాడ్జి, ఇల్లు అన్నీ పట్టాలి. మిగతాది అడవి, వాలు, గెడ్డ. అందుకని కొండ ఊళ్లో టూరిస్టుకు ఇచ్చిన ప్రతి గదీ అక్కడ బతికేవాడి చేతిలోంచి తీసుకున్న గదే అవుతుంది. ఇది అర్థం చేసుకోడానికి అర్థశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు.

నా అనుభవం చెప్తాను. ఒక ఏడు నవంబరులో మా ఇంటి యజమాని వచ్చి, "మాస్టారూ, మూడు నెలలు ఖాళీ చెయ్యండి. మార్చిలో మళ్లీ రండి, అద్దె పెంచను" అన్నాడు. ఆయన మనవాడే, మంచివాడే. నేనిచ్చే నెల అద్దె ఆయనకు సీజనులో ఒక్క శని, ఆదివారాల్లో వస్తుంది. నేను సామాను జీపులో వేసుకుని దిగువనున్న చుట్టాల ఊరికి పోయాను. మూడు నెలలు తెల్లారకుండా లేచి, జీపు దొరికిన రోజు జీపులో, దొరకని రోజు నడిచి బడికి వచ్చాను. నెల తిరిగేసరికి జీతం వచ్చే నా గతే ఇది. గదులు కడిగే పిల్ల గతేమిటి? నర్సమ్మ గతేమిటి? ఇంటర్ చదవడానికి పై ఊరి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకున్న పిల్లల గతేమిటి? వాళ్లందరికీ మార్చిలో రమ్మంటే సరిపోతుందా?

"మీ ఊళ్లు పక్కనే కదా!"

ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి జవాబు ఇది. స్థానికులే కదా, సాయంత్రం ఇంటికి పోవచ్చు కదా అంటారు. విశాఖ నుంచి 110 కిలోమీటర్ల పైచిలుకు దూరం కారులో వచ్చి, కిటికీలోంచి ఊళ్లు చూసినవాళ్లకు అవన్నీ పక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. కొండకు ఆ పక్కనున్న ఊరు కళ్లకు పక్కనే, కాళ్లకు కాదు. చాలా ఊళ్లకు సాయంత్రం దాటితే బండి లేదు. కొన్నింటికి పగలూ లేదు. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు మనకింకా ఉన్నాయి. ఆ దారిన పందొమ్మిదేళ్ల పిల్ల రాత్రి పదింటికి గిన్నెలు కడగడం ముగించి ఇంటికెలా పోతుంది?

చలికాలం రాత్రులు రిసార్టుల్లో మంట వేసి దాని చుట్టూ ధింసా ఆడిస్తారు. టూరిస్టులు కూడా చెయ్యి చెయ్యి కలిపి రెండడుగులు వేసి, ఫోటోలు దిగి, వేడిగా బొంగు చికెన్ తిని, గదుల్లోకి పోయి తలుపులేసుకుంటారు. మంట చల్లారాక మన ఆడవాళ్లు ఎక్కడికి పోతారో ఎప్పుడైనా చూశారా? సరుకుల ఆటోలో ఒకరి మీద ఒకరు ఇరుక్కుని, ఆ చలిలో ఘాటు మలుపులు తిరుగుతూ పోతారు. ఆటో రాకపోతే ఏ వరండాలోనో కొంగు కప్పుకుని కూర్చుని తెల్లవారిస్తారు. ఆట మన సంస్కృతి అని బోర్డు మీద రాస్తారు. ఆడిన మనిషి ఎక్కడ పడుకోవాలో ఎక్కడా రాయరు.

ఇంకో మాట కూడా అంటారు: స్థానికులు నిలకడగా పనిచెయ్యరు, అందుకే బయటి నుంచి తెచ్చుకుంటున్నాం అని. ఉండడానికి చోటివ్వకుండా, రాత్రి దాకా పని చేయించి, మర్నాడు ఆరింటికల్లా రమ్మంటే ఎవడు నిలుస్తాడు? నిలవనిది మన పిల్లలు కాదు, నిలబడే చోటే లేదు. ఇక బయటి నుంచి వచ్చిన వంట మాస్టరు, మేస్త్రీ, కూలీ కూడా రేకుల షెడ్డుల్లోనే పడుకుంటున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లూ మనలాగే లెక్కలో లేని మనుషులు.

1/70 మీద నేరం మోపకండి

రెండో జవాబు మరింత తెలివైనది. "మీ 1/70 చట్టమే అడ్డం. అది లేకపోతే పెట్టుబడులొస్తాయి, ఇళ్లొస్తాయి, అందరికీ మేలు" అంటారు. 2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో, పర్యాటకం కోసం ఆ చట్టాన్ని సవరించాలన్న మాట శాసనసభ స్పీకరు నోటి నుంచే వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం రెండు రోజులు బంద్ పాటించింది. చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. మనం గెలిచామని ఇళ్లకు పోయాం. కాని ఆ వాదం చావలేదు. మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు మన యువకుడి దగ్గర నినాదమే కాదు, జవాబు కూడా ఉండాలి.

జవాబు చట్టంలోనే ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించినదే 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనుడికి గాని, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని తప్ప ఇంకెవరికీ బదిలీ చెయ్యరాదని అది చెప్తుంది. అమ్మకమే కాదు, లీజు, తనఖా, దానం కూడా బదిలీయే. ఇంతే. ఇందులో "గిరిజనుడు లాడ్జి కట్టకూడదు" అని ఎక్కడుంది? "సహకార సంఘం పనివాళ్లకు గదులు కట్టకూడదు" అని ఎక్కడుంది? "ప్రభుత్వం తన స్థలంలో ఉద్యోగినుల హాస్టలు కట్టకూడదు" అని ఎక్కడుంది? ప్రభుత్వం బళ్లు కట్టింది, ఆస్పత్రులు కట్టింది, టూరిస్టులకు అతిథి గృహాలు కట్టింది, పద్మాపురం తోటలో చెట్ల మీద కూడా గుడిసెలు కట్టింది. వీటిలో దేనికీ అడ్డురాని 1/70, పనివాడి గది దగ్గరికొచ్చేసరికే అడ్డమొచ్చిందా?

1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పును మనందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల గొడవలో. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని ఆ తీర్పు చెప్పింది. అందులోనే ఇంకో మాట ఉంది, దాన్ని మనం మరిచిపోయాం. ఇక్కడి వ్యాపార లాభాల్లో కనీసం 20 శాతం నీళ్లు, వైద్యం, చదువు, రోడ్ల వంటి స్థానిక వసతుల కోసం శాశ్వత నిధిగా పెట్టాలని చెప్పింది. అది గనుల సందర్భంలో అన్న మాటే. కాని న్యాయం గనికొకటి, గదికొకటి ఉంటుందా? కొండను తవ్వి అమ్మినా, కొండ మీది మంచును చూపించి అమ్ముకున్నా, సరుకు మన కొండే కదా!

చట్టం ఉంటే ఏదీ ఎదగదన్నవాళ్లకు కాఫీని చూపించండి. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ పండించేది ఎకరం, రెండెకరాలు చేసే మన రైతులు. 1/70 ఉండగానే, భూమి చెయ్యి మారకుండానే, ఆ గింజ సముద్రాలు దాటింది. భూమి మనదైనా సరుకు ప్రపంచానిది కావచ్చని కాఫీ రుజువు చేసింది. గది విషయంలో అది ఎందుకు కుదరదు?

దూరపు కొండల పాఠం

మంచుకొండల మీద మనకన్నా ముందే టూరిస్టు ఊళ్లుగా మారినవి కొన్ని ఉన్నాయి. రెండింటి సంగతి పిల్లలకు చెప్పదగినది.

కెనడాలో విస్లర్ అనే ఊరుంది. మంచు మీద జారే ఆటకు లోకమంతా అక్కడికి పోతుంది. అక్కడా ముందు హోటళ్లే లేచాయి, పనివాళ్లకు చోటు లేకుండా పోయింది. చివరికి ఊరు ఒక నియమం పెట్టుకుంది. కొత్తగా వ్యాపారం కట్టేవాడు దానివల్ల ఎంతమంది పనివాళ్లు పెరుగుతారో లెక్క చెప్పాలి, వాళ్లకు ఇళ్లు కట్టాలి, లేదా ఆ నిధికి సొమ్ము కట్టాలి. 1997లో పనివాళ్ల ఇళ్ల కోసమే ఒక సంస్థ పెట్టుకున్నారు. పనిచేసేవాళ్లలో కనీసం 75 శాతం మంది ఆ ఊళ్లోనే ఉండాలన్నది వాళ్ల లక్ష్యం. దయతో చేసిన పని కాదిది. రాత్రి నిద్రలేని పనివాడితో హోటలు నడవదని వాళ్లకు తెలిసింది.

రెండోది అమెరికాలోని ఆస్పెన్. అక్కడి ఇళ్లు కోట్లున్నవాళ్లకే. ఇల్లు చేతులు మారినప్పుడు వేసే పన్నులో కొంత పనివాళ్ల ఇళ్లకు పెడతారు. అలా మూడు వేల దాకా ఇళ్లు, స్థానికంగా పనిచేసేవాళ్లకు మాత్రమే దక్కేలా షరతులు పెట్టి నిలిపారు. అయినా చాలక వేలమంది రోజూ దిగువ లోయ ఊళ్ల నుంచి వస్తూ పోతూనే ఉన్నారు. భూమి ధర చేతులు దాటాక ఎంత డబ్బు పోసినా తూట్లకు గుడ్డ పెట్టినట్టే ఉంటుంది.

ఆ ఊరి గురించి ఇంకో సంగతి ఉంది. వెండి గనుల కోసం తెల్లవాళ్లు అక్కడ దిగినప్పుడు, 1879లో, దాని మొదటి పేరు యూట్ సిటీ. యూట్‌లు అక్కడి ఆదివాసులు. మరుసటి ఏడు ఆ పేరు తీసేశారు. 1881లో యూట్‌లను ఆ కొండల నుంచి పశ్చిమానికి తోలేశారు. ముందు పేరు పోయింది, తర్వాత మనుషులు పోయారు. నూరేళ్లు గడిచాక ఆ నేల మీద పనివాళ్లకు ఇళ్లు ఎలా కట్టాలా అని ప్రణాళికలు వేస్తున్నారు. విస్లర్ కూడా అక్కడి స్క్వామిష్, లిల్వాట్ ఆదివాసుల నేలే. ఇప్పుడక్కడ వాళ్ల సంస్కృతిని చూపించే భవనం ఉంది, 2008లో తెరిచారు.

మన పరిస్థితి వాళ్ల కన్నా మేలు. మన కాళ్ల కింద నేల ఇంకా ఉంది. దాన్ని మన పేరున నిలిపి ఉంచింది 1/70. పోగొట్టుకున్నవాళ్లు డబ్బు పెట్టి తిరిగి కొనుక్కోలేనిదాన్ని, ఉన్న మనం అభివృద్ధి పేరుతో వదులుకోవాలట!

మనవైపు కూడా చూసుకుందాం

ఇతరుల్ని అనడం తేలిక. 1/70ని బయటివాళ్లు మాత్రమే చంపడం లేదు. పట్టా మనవాడి పేరున ఉంటుంది, పెట్టుబడి, లాభం, అధికారం మైదానంవాడివి. మనవాడికి నెలకింత ఇచ్చి వాకిట్లో కూర్చోబెడతారు. తన పేరున ఉన్న లాడ్జికి తానే వాచ్‌మన్! ఆ బినామీ కాగితం మీద వేలిముద్ర వేసిన కాలం పోయింది. ఇప్పుడు వేసేది సంతకం. సంతకం నేర్పింది మనమే, ఉపాధ్యాయులమే. ఏ కాగితం మీద పెట్టకూడదో కూడా నేర్పాల్సింది మనమే.

అలాగే సొంత గదిని హోమ్‌స్టే చేసుకునే మనవాళ్లను నేను తప్పుపట్టను. నన్ను ఖాళీ చేయించిన ఆయన కూతురు ఆ డబ్బుతోనే నర్సింగు చదివింది. కాని ప్రతివాడూ ఒక్కడుగా తన మేలు చూసుకుంటే, ఆ నర్సు తిరిగి వచ్చి ఇక్కడ ఉద్యోగం చెయ్యాలంటే ఉండడానికి గది దొరకదు. అందుకే ఇది ఒక్కొక్కరి మంచితనానికి వదిలేసే విషయం కాదు. ఊరు కూర్చుని తేల్చాల్సిన విషయం.

ఊరు కూర్చునే హక్కు మనకుంది. 1996 పెసా చట్టం గ్రామసభకు ఊరి అభివృద్ధి పథకాలను ఆమోదించే అధికారం ఇచ్చింది, భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం ఇచ్చింది. ఆ సభలో నాలుగు మాటలు తీర్మానంగా రాయించండి.

ఒకటి. ఏ పర్యాటక పథకం వచ్చినా గదుల లెక్కతో పాటు పనివాళ్ల పడకల లెక్క చూపించాలి. అది లేని కాగితాన్ని గ్రామసభ ఆమోదించదు.

రెండు. ప్రభుత్వం తన అతిథి గృహాల దగ్గర, ముందు తన పనివాళ్లకు వసతి కట్టాలి. ఆడపిల్లలకు వేరే హాస్టలు, రాత్రి డ్యూటీ దిగాక ఊరికి చేర్చే బండి ఉండాలి. పెద్దన్న కడితేనే ప్రైవేటువాడిని అడగడానికి నోరుంటుంది.

మూడు. పార్కింగులో, వ్యూ పాయింటు దగ్గర, గుహల దగ్గర వసూలయ్యే డబ్బులో నికరమైన వాటా పనివాళ్ల ఇళ్ల నిధికి పోవాలి. ఆ నిధి లెక్క గ్రామసభలో చదివి వినిపించాలి.

నాలుగు. కాఫీ రైతులు సంఘాలు కట్టినట్టే మన యువకులు గిరిజన సహకార సంఘాలు కట్టాలి. పది గదులు టూరిస్టులకు, నాలుగు గదులు పనివాళ్లకు, టీచర్లకు, చదువుకునే పిల్లలకు. ఆ నాలుగూ సీజనులోనూ టూరిస్టుకు ఇవ్వకూడదని సంఘం నియమాల్లోనే రాసుకోవాలి. చట్టం దీనికి తలుపు తెరిచే ఉంచింది. లోపలికి పోవాల్సింది మనం. అప్పు ఇప్పించాల్సింది ఐటీడీఏ.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. నవంబరులో వలిసె పూలు పూసినప్పుడు మన రైతు చేను చుట్టూ తాడు కట్టి, ఫోటోకు ఇంత అని తీసుకోవడం నేర్చుకున్నాడు. ఎవరు నేర్పారు? పంట తొక్కేస్తుంటే తనే నేర్చుకున్నాడు. చేనుకు కట్టిన ఆ తాడు ఇప్పుడు ఊరికి కట్టాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. లెక్కల్లో కాలము, పని గురించి చెప్తాం. ఇంతమంది మనుషులు ఇన్ని రోజుల్లో ఇంత పని చేస్తే అని అడుగుతాం. ఈ ఏడు ఆ లెక్కను మన ఊరి లెక్కగా ఇవ్వండి. "ఒక రిసార్టులో 30 గదులున్నాయి. మూడు గదులకు ఒక మనిషి చొప్పున పనివాళ్లు కావాలి. పనివాళ్లు ఎంతమంది? వాళ్లకు పడకలు ఎన్ని కావాలి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" మొదటి రెండు జవాబులు పిల్లలు పలక మీద చెప్తారు. మూడోదాని కోసం ఇంటికి పోయి అన్ననో, అక్కనో అడగాలి. అడిగి రానివ్వండి. పిల్లలు తెచ్చిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి గ్రామసభకు పంపండి. ప్రభుత్వం వెయ్యని పట్టికను మన బడి వెయ్యగలదు.

నేను ఆ లెక్క ఇచ్చాను. మర్నాడు ఒక పాప లేచి నిలబడి చెప్పింది: "పనివాళ్లు పది మంది సార్. మా అన్న ఉన్నచోట పడకలు సున్న."

సున్న కూడా జవాబే. దాన్ని బల్ల మీద పెట్టి అడుగుదాం.